మరుపున పడిన రథాలు

1989 జనవరి 2న అమెరికాలోని అరిజోనా ఎడారిలో, ఫీనిక్స్ దగ్గరి ఒక టెస్ట్ ట్రాక్ మీద సుబారు లెగసీ ఆర్ఎస్ అనే నాలుగు తలుపుల కారు పరుగు మొదలుపెట్టింది. డ్రైవర్లు మారారు, టైర్లు మార్చారు, ట్యాంకు నింపారు. రాత్రనక పగలనక బండి తిరుగుతూనే ఉంది. లక్ష కిలోమీటర్లు పూర్తి కావడానికి 447 గంటల 44 నిమిషాలు పట్టింది. మధ్యలో ఆగిన సమయమంతా కలుపుకొన్నా సగటు వేగం గంటకు 223.345 కిలోమీటర్లు. అది ప్రపంచ రికార్డు. ఆ కారు రేసుల కోసం పుట్టింది కాదు. వారమంతా ఆఫీసుకు, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని చుట్టాలింటికి వెళ్లే గృహస్థు కోసం పుట్టింది.

ఆ పరుగు సాగుతుండగానే, జనవరి 7న, టోక్యోలో హిరోహితో చక్రవర్తి కన్నుమూశాడు. 62 ఏళ్ల షోవా శకం ముగిసింది. మర్నాటి నుంచి హేసే శకం. ఒక శకంలో బయల్దేరిన కారు మరో శకంలో ఆగింది. జపాన్ పాత టర్బో సెడాన్ల మీద ఇవాళ ఆ దేశంలోనూ బయటా కొందరికి ఉన్న బెంగ ఆ సంధికాలం చుట్టూ అల్లుకున్నదే.

లెగసీకి తోడబుట్టినవి చాలా ఉన్నాయి. 1987లో మిత్సుబిషి గాలంట్ వీఆర్-4 వచ్చింది. 2 లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి, నాలుగు చక్రాలకూ స్టీరింగ్. అదే ఏడాది నిస్సాన్ బ్లూబర్డ్‌లో టర్బోతో పాటు ఫోర్ వీల్ డ్రైవ్ చేరింది. 1988లో నిస్సాన్ సెఫిరో. 1992లో టొయోటా మార్క్ 2, ఛేజర్, క్రెస్టా అనే ముగ్గురు అన్నదమ్ములకు ‘టూరర్ వి’ పేరుతో 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల జంట టర్బో ఇంజిన్ అమర్చారు; 280 హార్స్‌పవర్. పైకి చూస్తే అన్నీ బ్యాంకు మేనేజరు ఇంటి ముందు నిలిపే సాదా కార్లే. కొత్తదనం తీరగానే పాత కార్ల అంగళ్లలో వెనక వరసకు వెళ్లాయి, చవగ్గా చేతులు మారాయి, ఎక్కువ భాగం తుక్కులో కలిశాయి.

మ్యూజియానికి ఎక్కని, వేలంలో పలకని, సినిమాల్లో మెరవని ఇలాంటి వస్తువు కోసం మనిషి బెంగపడొచ్చా? బౌద్ధం ఉపాదానం అని పేరు పెట్టి వదులుకోమన్న తగులం ఇదేనా? లేక ఆ వస్తువు చేసిన మేలును మరవకపోవడమా? రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెంటిలోనూ మనిషి పాత వస్తువు పక్కన నిలబడి దాన్ని వదల్లేకపోతుంటాడు.

ఈ ప్రశ్నను జపాన్‌లో ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఒకాయన తనను తాను గట్టిగా నిలదీసుకున్నాడు. ఆయన కమో నో చోమే. 1177లో క్యోటోను కాల్చిన మంటలను, 1180లో సుడిగాలిని, ఆ వెంటనే వచ్చిన కరువును, 1185 భూకంపాన్ని కళ్లారా చూసి, పెద్ద ఇళ్లు కట్టుకోవడం ఎంత వ్యర్థమో తెలుసుకుని, చివరికి హినో కొండల్లో పొడవూ వెడల్పూ మూడేసి మీటర్ల గుడిసె వేసుకున్నాడు. దాన్ని కొక్కేలతో బిగించాడు. చోటు నచ్చకపోతే విప్పి రెండు బండ్ల మీద వేసుకుని పోవచ్చు. 1212లో రాసిన ‘హోజోకి’లో ఆ గుడిసెను ఎంతో మురిపెంగా వర్ణించాడు. వర్ణించి వర్ణించి, చివర్లో ఉలిక్కిపడ్డాడు. దేనికీ అంటుకోవద్దని కదా బుద్ధుడు చెప్పింది, ఈ గుడిసె మీద ప్రేమ కూడా దోషమే కదా అని. దానికి ఆయన మనసు జవాబివ్వలేదు. అమిదా బుద్ధుడి నామం రెండు మూడు సార్లు ఉచ్చరించి కలం పక్కన పెట్టాడు.

రాజభవనాన్ని వదల్లేకపోవడం ఎవరికైనా అర్థమవుతుంది. విప్పి బండిమీద వేసుకోగలిగిన గుడిసెను వదల్లేకపోవడమే చోమేను కలవరపెట్టింది. చవక కారు మీది బెంగ కూడా ఆ కోవలోదే.

దేని కోసం బెంగపడుతున్నామో తెలియాలంటే అది ఎలా పుట్టిందో ముందు చూడాలి. ఇంజిన్ నుంచి పొగగా బయటికి పోయే వేడి వాయువుతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని తోయించడమే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యుహీ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఓడలకు, విమానాలకు, లారీలకు వాడిన ఆ ఉపాయం 1962లో రెండు అమెరికన్ కార్లలోకి, 1970లలో బీఎండబ్ల్యూ, పోర్షె, సాబ్ కార్లలోకి వచ్చింది. జపాన్‌లో మొదటి టర్బో కారు 1979 చివర్లో వచ్చిన నిస్సాన్ సెడ్రిక్, గ్లోరియా జంట. అవి కుర్రకారు నడిపే స్పోర్ట్స్ కార్లు కావు, కంపెనీ పెద్దలు వెనక సీట్లో కూర్చునే గంభీరమైన సెడాన్లు. చమురు సంక్షోభాల దెబ్బ తిన్న దేశంలో, 1978 నాటి కఠినమైన పొగ నిబంధనల నీడలో, టర్బోను వేగం పేరుతో అమ్మడం కుదరదు. వృథాగా పోయే శక్తిని వాడుకుంటుంది, చిన్న ఇంజిన్‌తో పెద్ద పని చేయిస్తుంది అన్న వాదనతోనే అది గడప దాటింది.

దాని వెనక పన్ను లెక్క కూడా ఉంది. అప్పటి జపాన్‌లో ఇంజిన్ 2,000 సీసీ లోపు, పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్ల లోపు ఉంటే కారు ‘5 నంబరు’ తరగతిలోకి వచ్చేది. ఏడాదికి కట్టాల్సిన పన్ను ఎక్కువలో ఎక్కువ 39,500 యెన్‌లు. గీత దాటితే ‘3 నంబరు’. 3 లీటర్ల వరకు 81,500 యెన్‌లు. అంటే ఒక్క గీతకు రెట్టింపు కంటే ఎక్కువ. ఇక ఇంజినీర్ల ముందున్న దారి ఒక్కటే. ఇంజిన్ పెంచకుండా బలం పెంచాలి. అందుకే లెగసీ వెడల్పు 1.69 మీటర్ల దగ్గర ఆగింది, గాలంట్ 1.695 దగ్గర ఆగింది. 1989 ఏప్రిల్‌లో పన్నుల విధానం మారింది. పాత సరుకు పన్ను పోయి 3 శాతం వినియోగ పన్ను వచ్చింది, 2 నుంచి 2.5 లీటర్ల కారు మీద వార్షిక పన్ను 45,000 యెన్‌లకు దిగింది. మూడేళ్లు తిరిగేసరికి మార్క్ 2 ఒళ్లు విప్పుకుని 2.5 లీటర్ల టర్బోతో వచ్చింది. ఇవాళ అభిమానులు అందంగా ఉందని మురిసిపోయే ఆ సన్నని నడుముకు కొలత ఇచ్చింది పన్ను చట్టం.

కారణాలను ఇలా ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోయే పద్ధతికి బౌద్ధంలో అందరికంటే పెద్ద గురువు నాగార్జునుడు. ‘మూలమధ్యమకకారిక’ రాసిన ఆ ఆచార్యుణ్ణి తెలుగు సంప్రదాయం కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో, నేటి నాగార్జునకొండతో ముడిపెట్టుకుంది. జపాన్ ఆయన్ని ర్యూజు అని పిలుస్తుంది. ఎనిమిది బౌద్ధ శాఖలకు మూలపురుషుడిగా కొలుస్తుంది. షింగోన్ శాఖ అయితే ఆయన దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపాన్ని తెరిచి గుహ్య బోధను అందుకున్నాడని నమ్ముతుంది; ఆ స్తూపం అమరావతిదే కావచ్చునన్న పరిశోధకులున్నారు. ఆయన బోధ సారాంశం ఇది. ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ ఇతర కారణాలను ఆనుకుని పుడుతుంది, ఆ ఆనుకుని ఉండడమే శూన్యత. శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదు. గాలంట్ ఉంది. కానీ ఆ గాలంట్‌లో చమురు ధర ఉంది, పన్ను గీత ఉంది, పొగ నిబంధన ఉంది, ర్యాలీలో గెలవాలన్న మిత్సుబిషి పట్టుదల ఉంది, యెన్ బలం ఉంది. వాటిని తీసేస్తే గాలంట్ అంటూ విడిగా మిగిలేదేమీ లేదు.

ఆ కారణాల్లో ఒకటి డబ్బు పొంగు. 1989 డిసెంబర్ 29న టోక్యో స్టాక్ మార్కెట్ సూచీ నిక్కీ 38,915 దాకా ఎగబాకింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు. అలాంటి రోజుల్లో కార్ల కంపెనీలు ఎవరూ అడగని వాటిని కూడా సెడాన్లలో పెట్టి ఇచ్చాయి. ఆ కాలాన్ని ఒక్క దృశ్యంలో చూడాలంటే 1988 నాటి సెఫిరో టీవీ ప్రకటన చూడాలి. గాయకుడు ఇనోవె యోసుయి ముందు సీట్లోంచి, కిటికీ అద్దం కిందికి దిగుతుండగా, ‘అందరూ కులాసాయేనా?’ అని పలకరిస్తాడు. ఆ శరదృతువులో చక్రవర్తి ఆరోగ్యం విషమించింది. దేశం పండగలు, వేడుకలు ఆపుకుంది. రాజు మంచాన ఉండగా కులాసా అడగడం బాగుండదని ఆ ప్రకటనలో మాట తీసేశారు. కొంతకాలం జపాన్ ప్రజలు టీవీలో అతను పెదవులు కదపడం చూశారు, గొంతు వినలేదు.

టర్బోకు ఉన్న మరో గుణం దాన్ని నడిపినవాళ్ల జ్ఞాపకంలో గట్టిగా నాటుకుంది. ఆనాటి కారులో యాక్సిలరేటర్ తొక్కగానే ఏమీ జరగదు. పొగ పెరగాలి, చక్రం తిరగాలి, గాలి ఒత్తిడి పుట్టాలి. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత వీపును సీటుకు నొక్కే తోపు. కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న దూరం ఒంటికి తెలిసేది. దిగేటప్పుడూ అంతే. ఘాట్ ఎక్కివచ్చిన వెంటనే తాళం తిప్పి పోకూడదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగిన ఆ ఇరుసు నూనె పొర మీద తేలుతూ ఉంటుంది. ఇంజిన్ ఆపితే నూనె ప్రవాహం ఆగి, ఎర్రగా కాలిన లోహం దగ్గర మసిగా గడ్డకడుతుంది. అందుకని బండి నిలిపి ఒకట్రెండు నిమిషాలు ఇంజిన్ నెమ్మదిగా ఆడనిచ్చేవారు. తీరిక లేనివాళ్లు టర్బో టైమర్ పెట్టించుకునేవారు. తాళం చేతికి తీసుకుని, తలుపు వేసి వెళ్లిపోయినా ఇంజిన్ కాసేపు తనంతట తాను ఆడి ఆగేది. యంత్రం చల్లారే దాకా పక్కన ఉండాలన్న మర్యాద ఆ తరం డ్రైవర్లకు అలా అబ్బింది.

ఇంత వివరంగా గుర్తుంచుకునే ఆ కారు అసలు ఏది? మిళింద పన్హా అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు మిళింద రాజును ఇదే అడిగాడు. రాజు రథం మీద వచ్చానన్నాడు. ఇరుసు రథమా? కాదు. చక్రాలు రథమా? కాదు. నొగ, కాడి, పగ్గాలు? అవీ కావు. అన్నీ కుప్ప పోస్తే రథమా? కాదు. వీటన్నిటికీ విడిగా రథం ఉందా? లేదు. మరి రాజు దేని మీద వచ్చినట్టు? ఏడో శతాబ్దంలో చంద్రకీర్తి ‘మధ్యమకావతారం’లో ఆ రథాన్నే మళ్లీ తీసుకుని, ఏడు విధాలుగా వెతికినా అది దొరకదని చూపించాడు. అయినా దాని మీద ప్రయాణం జరుగుతుందన్నాడు.

మరుపున పడిన కారును నిలబెట్టుకునేవాళ్లకు ఇది గ్రంథాల్లోని చర్చ కాదు, నెలనెలా ఎదురయ్యే పని. కంపెనీ పార్టులు ఆపేస్తుంది. అప్పుడు నడవని రెండో బండిని పార్టుల కోసమే కొని పెరట్లో ఉంచుతారు. దాని తలుపు అద్దం మోటారు దీనికి వస్తుంది, దాని డాష్‌బోర్డు దీనికి వస్తుంది, ఏదో ఒకనాడు దాని గేర్‌బాక్సూ వస్తుంది. పదేళ్లు గడిచాక నడుస్తున్నది మొదట కొన్న కారా, పెరట్లోదా? యజమాని ఏ తడబాటూ లేకుండా ‘నా గాలంట్’ అంటాడు. నాగసేనుడు కూడా ఆ మాటను కాదనడు. పేరు చెల్లుతుంది, పేరు వెనక మార్పు లేని సారం ఉందనుకోవడమే పొరపాటు.

మిళింద పన్హాలోనే రాత్రంతా వెలిగే దీపం ఉదాహరణ ఉంది. మొదటి జాములో మంట, చివరి జాములో మంట ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు. ఈ సెడాన్ల కథ అక్షరాలా అలాగే సాగింది. గాలంట్ వీఆర్-4 1989లో ఫిన్లాండ్ ర్యాలీని మికాయెల్ ఎరిక్సన్‌తో, బ్రిటన్ ర్యాలీని పెంటి ఐరికలాతో గెలిచింది. దాని 4జీ63 ఇంజిన్ 1992లో లాన్సర్ ఎవల్యూషన్‌లోకి వెళ్లి 2007 దాకా వెలిగింది. లెగసీకి 1993 ఆగస్టులో న్యూజీలాండ్‌లో కాలిన్ మెక్‌రే చేతిలో గెలుపు దక్కింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో సుబారుకు అదే మొదటి గెలుపు. అదే నెలలో ఫిన్లాండ్‌లో సుబారు ఇంప్రెజా ర్యాలీ అరంగేట్రం చేసింది. లెగసీతో పుట్టిన ఈజే20 ఇంజిన్ ముప్పై ఏళ్లు బతికి, 2019లో ‘ఫైనల్ ఎడిషన్’గా వచ్చిన 555 కార్లతో వీడ్కోలు తీసుకుంది. ఇంప్రెజా, లాన్సర్ పేర్లు ప్రపంచమంతా తెలుసు. మంట అందించిన పెద్దలు ఎవరికీ గుర్తులేరు.

పేరున్నవాటికి కాపలా ఉంది. 1989లోనే వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కోసం కంపెనీయే 2017లో పాత పార్టులు మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. టొయోటా 2020లో సుప్రాకు అలాంటి ఏర్పాటు చేసింది. ధర పెరిగిన వస్తువును ధరే కాపాడుతుంది. షెడ్డు కట్టిస్తుంది, బీమా చేయిస్తుంది, తుప్పు పట్టనివ్వదు. అక్కడ జ్ఞాపకం ఎంత, పెట్టుబడి ఎంత అని విడదీయడం యజమానికే కష్టం. బ్లూబర్డ్‌కు ఆ చిక్కు లేదు. దాన్ని అమ్మితే ఏమీ రాదు, చూపిస్తే ఎవరూ ఆగరు. దాని మీద ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి రానిదే. అందుకే చోమే ప్రశ్నకు ఇక్కడ సూటిగా జవాబు వెతకొచ్చు. లాభం, పరువు రెండూ తీసేశాక కూడా మిగిలిన ఆదరం ఏమిటన్నది ఇక్కడే కనబడుతుంది.

జపాన్ మతజీవితం దానికి కథారూపం ఇచ్చింది. మురోమాచి కాలపు ‘త్సుకుమోగామి’ కథల్లో, ఏళ్ల తరబడి సేవ చేసిన పాత సామాన్లను ఏడాది చివరి ఇల్లు దులిపే రోజున వీధిలో పారేస్తారు. చేసిన చాకిరీకి ఇదా ప్రతిఫలమని అవి రగిలిపోయి భూతాలై మనుషుల మీద పడతాయి. చివరికి షింగోన్ మార్గంలో చేరి, సాధన చేసి, బుద్ధత్వం పొందుతాయి. కథ రెండు వైపులా పదునైనది. కోపంతో పగ పట్టిన సామాన్లూ తగులంలో చిక్కినవే, అందుకే వాటికి సాధన అవసరమైంది. కానీ కథ మొదటి తప్పును వాటి మీద పెట్టలేదు, కృతజ్ఞత లేకుండా పారేసిన మనుషుల మీద పెట్టింది.

ఆ భావం ఆచారంగా ఇప్పటికీ నడుస్తోంది. టోక్యో ప్రాంతంలో ఫిబ్రవరి 8న, మరికొన్ని చోట్ల డిసెంబర్ 8న, విరిగిన కుట్టుసూదులను గుడికి తెచ్చి మెత్తని తోఫు ముక్కలో గుచ్చుతారు. బతుకంతా గట్టి బట్టలోంచి దూరిన సూదికి చివరికి మెత్తని చోటు ఇవ్వడం అందులోని ఉద్దేశం. సోనీ 2014లో ఐబో రోబో కుక్కలకు మరమ్మతులు ఆపేశాక, చీబా రాష్ట్రం ఇసుమిలోని కొఫుకుజి ఆలయంలో వాటికి అంత్యక్రియలు చేశారు. మంత్రాలు చదివాకే వాటి అవయవాలను తీసి బతికున్న కుక్కలకు అమర్చారు. దసరాకు తెలుగువాళ్లు బండి కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే ఆయుధపూజ పనిలో ఉన్న పనిముట్టుకు జరిగేది. రేపటి నుంచి కూడా క్షేమంగా నడవాలన్న కోరిక అందులో ఉంది. సూదుల పూజలో ఆ సూదిని కోరేదేమీ లేదు. పని అయిపోయిన దాన్ని ఇంకేమడుగుతాం?

ఈ ఆచారాలను చూస్తే తగులానికీ కృతజ్ఞతకూ మధ్య గీత ఎక్కడుందో కొంత తెలుస్తుంది. తగులం వస్తువును ఆపి ఉంచాలంటుంది. కృతజ్ఞత వస్తువు పోవడాన్ని ఒప్పుకుంటుంది, మర్యాద లేకుండా పోవడాన్ని ఒప్పుకోదు.

దీనికి భిన్నమైన గొంతు కూడా జపాన్‌లోనే ఉంది. 18వ శతాబ్దంలో ఇసే మహాక్షేత్రానికి దగ్గరి మత్సుసాకలో వైద్యం చేసుకుంటూ, పగలు మందులు ఇచ్చి రాత్రుళ్లు ప్రాచీన గ్రంథాలు చదివిన మొతోరి నోరినగ, అసలు ఈ తూకమే వద్దన్నాడు. గెంజి గాథ అనే ప్రాచీన జపాన్ నవలను బౌద్ధ, కన్ఫ్యూషియన్ నీతుల కొలబద్దతో కొలవడం ఆయనకు నచ్చలేదు. ఒక వస్తువు ఎదురైనప్పుడు దానికి తగినట్టు గుండె కదలడమే దాన్ని తెలుసుకోవడం. కదలని గుండెకు ఆ వస్తువు తెలియనట్టే. ఆ కదలికను దోషమా గుణమా అని విచారించేది ఎవరు? నోరినగ లెక్కలో పాత బ్లూబర్డ్ టర్బో చక్రం ఈలవేస్తుంటే ఒళ్లు పులకరించినవాడు ఏ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

నోరినగ మాట ఆకర్షణీయమే కానీ ఇక్కడ చాలదు. తగినట్టు కదలాలంటే వస్తువును పూర్తిగా చూడాలి, నచ్చిన సగాన్ని మాత్రమే కాదు. జపాన్ రోడ్ల మీద 1988 నుంచి 1995 వరకు ఏటా పదివేల మందికి పైగా చనిపోయారు. 2023లో ఆ సంఖ్య 2,678. ఆ తేడాలో రోడ్లు, చట్టాలు, ఆసుపత్రుల పాత్ర ఉంది. ఎయిర్‌బ్యాగులు, గట్టి బాడీల పాత్ర కూడా ఉంది. బెంగపడే ఆ తేలికపాటి సెడాన్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. రాత్రుళ్లు కొండదారుల్లో పందేలు కట్టి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. తలుపు సన్నగా ఉండడం వల్ల బండి చురుగ్గా కదిలేది. ఆ సన్నని తలుపే గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడలేకపోయింది. ఆనాటి తేలికదనం కావాలనేవాళ్లు ఆ మరణాలను కూడా అదే వాక్యంలో తలుచుకోవాలి. నాగార్జునుడి మార్గం ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడ. కారణాలను చూసినవాడు ఆ కాలం మళ్లీ రావాలని అడగలేడు, ఎందుకంటే దాని కారణాల్లో తాను కోరుకోనివి ఎన్నో ఉన్నాయని అతనికి తెలుసు. అయినా దాని మేలును కాదనలేడు. కోరిక రాలిపోయాక మిగిలేది కృతజ్ఞతే.

ఆ మేలు ఎంత దూరం వెళ్లిందో జపాన్ బయట బాగా కనిపిస్తుంది. జపాన్‌లో ‘షాకెన్’ అనే తప్పనిసరి తనిఖీ రెండేళ్లకోసారి వస్తుంది. 1995 దాకా పదేళ్లు దాటిన కారుకు ఏటా జరిగేది. ఆ ఖర్చు భరించలేక యజమానులు వదిలేసిన బండ్లు న్యూజీలాండ్‌కు, తూర్పు ఆఫ్రికాకు, రష్యా తూర్పు కొసకు ఓడలెక్కాయి. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత వ్లాదివోస్తోక్ నగరం దాదాపు మొత్తంగా కుడి స్టీరింగ్ జపాన్ కార్ల మీద బతికింది. మార్క్ 2 అక్కడ గౌరవనీయమైన పేరు. 2008 డిసెంబర్‌లో మాస్కో ప్రభుత్వం పాత కార్ల దిగుమతి సుంకం పెంచబోతే జనం వీధుల్లోకి వచ్చారు. వాళ్లను చెదరగొట్టడానికి మాస్కో నుంచి ప్రత్యేక పోలీసులను విమానంలో దించారు. మరుసటి ఏడాది ఆ నగర రచయిత వసీలి అవ్చెంకో ‘కుడి స్టీరింగ్’ అనే పుస్తకమే రాశాడు. ఒక దేశం తనిఖీ ఖర్చు దండగనుకుని వదిలేసిన కారు మరో దేశంలో ఒక తరానికి జీవనోపాధి, ఆత్మగౌరవం అయింది. ఒసాకాలో దాన్ని అమ్మేసిన గృహస్థుకు ఆ సంగతి ఏమాత్రం తెలియదు.

ఈ బెంగను పూర్తిగా తోసిపుచ్చలేకపోవడానికి ఇది మరో కారణం. వస్తువు నుంచి మనకు అందినది మన దగ్గరే మొదలై మన దగ్గరే ఆగదు. దాన్ని గీసినవాడు, బిగించినవాడు, వాడి వదిలినవాడు, ఓడలో మోసినవాడు, పేదరికంలో దాన్నే నమ్ముకున్నవాడు అందరూ అందులో ఉన్నారు. ధర పలికే కారు అయితే ఆ గొలుసులోని చివరి యజమాని పేరే వినిపిస్తుంది. ధర లేని కారు ముందు నిలబడినప్పుడు గొలుసు మొత్తం గుర్తుకొస్తుంది. అనామకులు కష్టపడి చేసి, అనామకులు వాడుకున్న వస్తువును తలచుకోవడం అంటే ఆ అనామకులను తలచుకోవడమే. శ్రాద్ధంలో పేరు తెలియని పెద్దలకు కూడా నువ్వులూ నీళ్లూ వదిలే సంస్కృతికి ఇది వివరించాల్సిన పని లేదు.

ఇక మిగిలింది చోమేకు దొరకని జవాబు. జవాబు చెప్పకుండా పుస్తకం ముగించే వెసులుబాటు ఆయనకు ఉంది. గాలంట్ యజమానికి లేదు. రెండేళ్లకోసారి తనిఖీ తేదీ వస్తుంది, ఉంచాలా వదలాలా అప్పుడు తేల్చాలి. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారు మీద జపాన్ ప్రభుత్వం సుమారు 15 శాతం అదనపు పన్ను కూడా వేస్తుంది. వదిలేయమని అంతకంటే స్పష్టంగా చెప్పడం కుదరదు. పొగ విషయంలో ఆ సలహా న్యాయమైనదే. అయినా కొందరు ఆ పన్ను కడతారు. ఎండిపోయిన రబ్బరు గొట్టాలు మార్పిస్తారు, కంప్యూటర్ బోర్డులో కారిన కెపాసిటర్లు పీకి కొత్తవి అతికిస్తారు, తమ పెరట్లోని బండి నుంచి తీసిన స్విచ్చిని మరో ఊళ్లోని యజమానికి పంపుతారు. పోగు చేసుకునేవాడు ఆ స్విచ్చిని దాచుకుంటాడు. ఇవ్వగలిగినవాడి విషయంలో మాత్రం, అతని ప్రేమ దోషమేమోనన్న అనుమానం చాలా వరకు తీరుతుంది. మిగిలిన కొంచెం అనుమానాన్ని అతను వచ్చే తనిఖీ దాకా మోస్తాడు. అప్పుడు మళ్లీ లెక్క వేసుకుని, బండి ఇక చాలు అనిపిస్తే, దానిలో పనికొచ్చేవన్నీ పనికొచ్చేవాళ్లకు పంచి, మిగతాది తుక్కుకు ఇస్తాడు.